మూడు నిమిషాల ఆకాశం

విమానాలు దిగే దారి సరిగ్గా వాళ్ళ డాబా మీదుగానే పోతుంది. కిటికీ అద్దాలు గడగడలాడినా ఇంట్లో ఎవరూ తలెత్తి చూడరు. అందరికీ అలవాటైపోయింది, కోడలి మైకుకి తప్ప.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఉద్యోగానికి కోడలు దరఖాస్తు పెట్టుకుంది. నమూనాగా మూడు నిమిషాలు ఏకబిగిన చదివి, సాయంత్రం ఐదులోగా పంపాలి. ముక్కలు అతికిస్తే ఒప్పుకోరట. పొద్దుటినుంచీ నాలుగుసార్లు మొదలుపెడితే నాలుగుసార్లూ నెత్తిన విమానమే. అప్పటికే నాలుగుంపావు.

చప్పుడు తగ్గుతుందని బట్టల బీరువా తెరిచి, దుప్పట్ల ముందు మైకు పెట్టుకుంది. ఏ విమానం ఎక్కడుందో చూపించే యాప్ తెరిచి ఫోను అత్తగారి చేతికిచ్చింది.

“ఇది మనిల్లు అత్తయ్యా. ఈ పసుప్పచ్చ బొమ్మ వంతెన దగ్గరికి రాగానే చెయ్యెత్తండి. మాట్లాడకండి.”

“మూడు నిమిషాలు మాట్లాడకుండానా? మీ అత్తయ్యా?” మామగారు పేపరు మడిచారు. “దానికన్నా విమానాలు ఆపడం తేలికమ్మా.”

“మీరు ముందా కుర్చీ కిర్రుమనకుండా కూర్చోండి,” అన్నారు అత్తగారు.

కోడలు మొదలుపెట్టింది. బొమ్మ ఇంకా వంతెన దగ్గరికి రానేలేదు, అద్దాలు గడగడలాడాయి.

“ఓసి దీని దుంపతెగ! నెత్తిమీద మోగుతూ ఏటవతలున్నానంటుందే!”

అత్తగారికి పట్టుదల వచ్చింది. తర్వాతి రెండు విమానాలనూ ఊరికే వదిలేసి, బొమ్మ వంతెనకి ఇంకా అవతలున్న స్టేడియం దాటగానే అంకెలు లెక్కపెట్టారు. రెండుసార్లూ నలభైకే అద్దాలు కదిలాయి.

“ఈ ఫోను వెనకబడి నడుస్తోందమ్మాయ్. వంతెన సంగతి మర్చిపో. స్టేడియం దాటాక మనకి నలభై అంకెలే.”

నాలుగూ నలభైకి తెర మీద ఇటువైపు బొమ్మలేవీ లేవు. అత్తగారు తలూపారు. కోడలు చదవసాగింది, గొంతు హాయిగా సాగిపోతోంది. రెండు నిమిషాలు దాటాయి. అంతలో ఎటో పోతున్న బొమ్మ ఒకటి చటుక్కున ఇటు తిరిగి, చూస్తుండగానే స్టేడియం దాటేసింది.

అత్తగారి చెయ్యి సగం లేచింది. కోడలి ఒళ్ళో కాగితం వైపు చూశారు. ఇంకా ఆరు వరసలే. చెయ్యెత్తితే ఆగిపోతుంది, మళ్ళీ ఇంత ఖాళీ దొరికేనా? చెయ్యి దించి ఒళ్ళో దాచుకున్నారు. పది. ఇరవై. మూడు వరసలు. ముప్ఫై. కోడలు కామా దగ్గర తీరిగ్గా ఊపిరి పీల్చుకుంటుంటే అత్తగారి ఊపిరి ఆగిపోయింది. ముప్ఫై ఏడు. చివరి మాట. కోడలు మీట నొక్కింది.

అద్దాలు గడగడలాడాయి.

“అమ్మో! అది వస్తోందని మీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి చెయ్యెత్తలేదేం?”

“ఎత్తితే నువ్వు కంగారుపడవూ? పంపు ముందు, టైమవుతోంది.” ఆ మాటతో మూడు నిమిషాలు బిగబట్టినవన్నీ ఒక్కసారి బయటపడ్డాయి: చల్లారిన టీ, మామగారి కుర్చీ, ఆ తిరుగుబోతు విమానం. కోడలు రికార్డింగు పంపుతున్నంతసేపూ ఆవిడ ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. కోడల్ని తీసుకున్నారు. మొదటి పుస్తకం నలభై రెండు అధ్యాయాలు.

“నలభై రెండా!” అన్నారు మామగారు. “ఇక ఈ ఇంట్లో నాకు ప్రశాంతత.”

అత్తగారు అప్పటికే కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. “ఆ ఫోను ఛార్జింగులో పెట్టమ్మాయ్.”