తల్లొచ్చిన ఏడు

నిపుణుల సంఘం అంటే ఏమిటో ఇసుకలపాలెంలో ఎవరికీ తెలియదు. అది వాళ్ళ తప్పేం కాదు. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి మాత్రం ఇసుకలపాలెం అంటే ఏమిటో తెలుసా? నౌపడ స్టేషన్లో దిగి, ఉప్పు మడులు దాటి, ఇసుకలో కూరుకుపోయిన జీపుని నెట్టుకుంటూ ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళ వెనక తాలూకా ఆఫీసు గుమస్తా నారాయణమూర్తి, చంకలో గొడుగుతో. అరవై ఏడో సంవత్సరం, దసరా వెళ్ళిన వారం.

వాళ్ళొచ్చిన పని ఇదీ. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు మబ్బుల్ని ఫొటోలు తీస్తున్నాయి. కానీ తుఫాను ఒడ్డెక్కేటప్పుడు నీళ్ళు ఎంత ఎత్తు లేస్తాయో, ఎంత లోపలికి వస్తాయో అవి చెప్పలేవు. అది కొలవాలంటే ఒడ్డునే యంత్రం ఉండాలి. యంత్రంతో పాటు తుఫాను హెచ్చరిక స్తంభం, దాన్ని చూసుకోడానికో మనిషి, నౌపడ దాకా టెలిఫోను తీగ. ఉన్నది ఒక్కటే యంత్రం. ఉత్తర కోస్తాలో మూడు చోట్లు చూసి, ఎక్కడ పెడితే పరిశోధనకి పనికొస్తుందో ఈ ముగ్గురూ సలహా చెప్పాలి.

ఇందులో ఊరికి అర్థమైంది ఒక్క ముక్కే. స్తంభం మీద ఎర్రజెండా ఎగిరితే తెప్ప దించకూడదు. దాలమ్మకి ఆ ఒక్క ముక్కే చాలు. మొగుడు ఎర్రన్న జబ్బుచేసి పోయాక చేపల తట్ట నెత్తినెత్తుకుని టెక్కలి సంతకి తిరిగి కొడుకుని పెంచుకుంది. కొడుకు గంగులు ఇప్పుడు రోజూ సముద్రం మీదే. వాడు తిరిగొచ్చేదాకా ఆమె గొంతులో ముద్ద దిగదు.

తాటాకు పందిరి కింద బడి కుర్చీలు వేసి వాళ్ళని కూర్చోబెట్టారు. తెప్పలన్నీ సముద్రం మీద ఉన్నాయి. గంగులు తెప్పా ఉంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఉప్పెన అన్న మాట ఒడ్డున నిలబడి అనకూడదు. తెప్పలు నీటి మీదుంటే అసలే అనకూడదు. అంటే పిలిచినట్టే. ఉప్పెన వచ్చిందనడానికి వాళ్ళు తల్లొచ్చింది అంటారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడరు.

అధ్యక్షుడు కలకత్తా ప్రొఫెసరు. తెల్లజుట్టు, మంచి మనిషి. ఇంగ్లీషులో అడిగాడు. నారాయణమూర్తి తెలుగులో చెప్పాడు.

"ఈ ఊళ్ళో ఎప్పుడైనా పెద్ద ప్రమాదం జరిగిందా? జనం పోయారా?"

కులపెద్ద సూరయ్య తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "జరిగినాది బాబూ. ముప్పయ్యేళ్ళ కిందట తల్లొచ్చినాది. ఊరూడ్సుకుపోనాది. పిల్లా జెల్లా మిగల్నేదు."

నారాయణమూర్తిది విజయనగరం. అక్కడ తల్లి అంటే ఒంటి మీద పోసే తల్లే. చిన్నప్పుడు అతని చెల్లెలు ఆ తల్లితోనే పోయింది. వేపమండలు, గుమ్మానికి కట్టిన పసుపు గుడ్డ అతనికి ఇంకా గుర్తే. అతను కళ్ళు దించుకుని మశూచి అని ఇంగ్లీషులో చెప్పాడు. తప్పు చెబుతున్నానన్న అనుమానం అతనికి ఇసుమంతైనా లేదు.

ప్రొఫెసరు అయ్యో అన్నట్టు తలూపాడు. "ఇప్పుడు అందరికీ టీకాలు వేస్తున్నారా?"

ఆ ప్రశ్న తెలుగులోకి వచ్చేసరికి పందిరి కింద జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. దాలమ్మ ఆడవాళ్ళ మధ్య నుంచి నవ్వింది.

"టీకాలేటి మావా? సముద్రానికి టీకాలేసీసినారేటి ఈ బాబులు?"

నలుగురూ నవ్వారు. ఆమే ముందు నవ్వు ఆపింది. ప్రొఫెసరు కలం మూత పెడుతున్నాడు. రెండో ఆయన పటం విప్పి, దక్షిణాన రేవున్న పట్నం మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. వీళ్ళకి తెలియలేదు, తెలియకుండానే లేచి పోతున్నారు అని దాలమ్మకి అర్థమైపోయింది.

"సూరయ్య మావా, ఆ మాట సెప్పు. తల్లంటే ఆళ్ళకి తెల్దు. పేరెట్టి సెప్పు."

"ఒసే, నీకు మతి పోనాదేటి? తెప్పలు నీటి మీదున్నాయి."

"సెప్పకపోతే స్తంభం రాదు మావా."

"నీ గుంటడు కూడా అక్కడే ఉన్నాడే. నోరు మూసుకో."

వాడు అక్కడున్నాడనే కదా ఈ బాధంతా! ఆ మాట అంటే ఇవాళ వాడికేమవుతుందోనని భయం. అనకపోతే ఎన్నటికీ జెండా ఎగరదని భయం. మనిషిని అలా రెండు భయాల మధ్య నిలబెట్టిన ఆ రోజుని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పుస్తకాలు చదివినవాళ్ళు ముగ్గురున్నారు, ఊరి పెద్దలు అరడజను మంది ఉన్నారు, బరువు మోయవలసింది మాత్రం చేపలమ్ముకునే మనిషి!

జీపు బయలుదేరబోతుంటే దాలమ్మ అడ్డంగా వెళ్ళి నిలబడింది. సముద్రానికి వీపు తిప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉప్పెన బాబూ," అంది. "తల్లి కాదు. ఉప్పెన. నా మొదటి గుంటని నా సేతిలోంచి లాక్కుపోనాది. చిన్నతల్లి దాని పేరు. ఏలు పట్టుకునే ఉన్నాను బాబూ. ఏలు జారిపోనాది."

ఆడవాళ్ళు ఓలమ్మో అంటూ చెవులు మూసుకున్నారు. ఎవరో పరుగెత్తి పసుపునీళ్ళు తెచ్చి ఒడ్డున కుమ్మరించారు. సూరయ్య అటు తిరిగి కూర్చున్నాడు. నారాయణమూర్తి తను చెప్పింది తప్పని ఒప్పుకుని, ఆమె మాటలన్నీ ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు.

ప్రొఫెసరు జీపు దిగాడు. నీళ్ళు ఎందాకా వచ్చాయని అడిగాడు. దాలమ్మ ఆయన్ని ఊరి వెనక దిబ్బ దాకా నడిపించుకుపోయి, దాని మీదున్న తాటిచెట్టుకి తన గడ్డం ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. ఆయన వెనక్కొచ్చి పెద్దల్ని ఒక్కొక్కళ్ళనీ అడిగాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. విప్పరు. తెప్పలు నీటి మీద ఉన్నాయి.

"ఇంకొక్కరు చెప్పినా బలంగా ఉండేది," అన్నాడు ఆయన. "అయినా ఈ చోటే మంచిదని రాస్తాను. గట్టిగా రాస్తాను."

సాయంత్రం తెప్పలన్నీ క్షేమంగా వచ్చాయి. ఒడ్డుకి రాగానే గంగులు సంగతి విన్నాడు. దాలమ్మ వాడి మొహం చూడలేక తట్టలో చేపలు సర్దుతోంది.

"అమ్మా, అన్నావంట."

"అన్నాను నాయనా."

వాడు తడి చేతులు పంచెకి తుడుచుకుని పక్కనే గొంతుకూర్చున్నాడు. "అంటే అన్నావు. అనకపోతే ఆళ్ళకెలాగ తెలుస్తాది? నీకున్న గుండె ఈ ముసలోల్లకి నేదు." అని నవ్వాడు. "స్తంభం వొచ్చినాక జెండా ఎగరేసే ఉద్యోగం నాకే ఇమ్మని అడుగుతాను సూడు."

ఆ రాత్రి ఎన్నాళ్ళకో దాలమ్మ కడుపునిండా తింది.

స్తంభం రాలేదు. ఎండాకాలంలో నారాయణమూర్తి సైకిలు తొక్కుకుంటూ పనిగట్టుకుని వచ్చి చెప్పాడు. ప్రొఫెసరు మాట తప్పలేదు. ఇసుకలపాలెమే తగిన చోటని రాశాడు. ఆ సలహాని పైనున్న ఇంకో సంఘం చూసింది. ఒక్క మనిషి నోటిమాట ఆధారం కాదంది. రేవు పట్నంలో ఎన్నో ఏళ్ళ లెక్కలున్నాయి కనక యంత్రం అక్కడ పెట్టమంది. ఇసుకలపాలెం సంగతి రెండో విడతలో చూస్తారట.

సూరయ్యకి ఇది ఎంతకీ మింగుడు పడలేదు. "పెద్దమనుషులు కూకుని సెప్పినాక మళ్ళీ ఇంకోడు ఒప్పుకునేదేటి? మా సబలో ఒక మాటంటే అదే కట్టుబాటు."

"వాళ్ళు సలహా చెప్తారంతే సూరయ్యా. చెయ్యడం వాళ్ళ చేతిలో లేదు."

"సేతిలో నేనోల్లు ఎందుకొచ్చినారు మరి? ఆ మాట ఎందుకనిపించినారు?"

నారాయణమూర్తి తలొంచుకుని సైకిలెక్కాడు.

ఆ ఏడే కార్తీకంలో వచ్చింది. పొద్దున ఆకాశం తేటగానే ఉంది. గాలి తూర్పు నుంచి కొద్దిగా విసురుతోంది, అంతే. తెప్పలు దిగాయి. మధ్యాహ్నానికి సముద్రం రంగు మారింది. పొద్దు వాలకముందే నీళ్ళు లేచి, వీధుల్లోంచి నడిచి, దిబ్బ ఎక్కాయి. దాలమ్మ తాటిచెట్టుని కావిలించుకుని బతికింది. రెండు తెప్పలు ఎక్కడో కొట్టుకుపోయి ఒడ్డెక్కాయి. గంగులు తెప్ప రాలేదు. వాడూ దొరకలేదు, తెప్ప ముక్కా దొరకలేదు. రేవు పట్నంలో యంత్రం మాత్రం చక్కగా పనిచేసిందట. అక్కడ నీళ్ళు మోకాలు దాటలేదట.

ఊరు ఆమెని తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఆమె ఎదురొస్తే తెప్ప దించడం మానేశారు. నీళ్ళకి వెళ్తే బావి దగ్గర మాటలు ఆగిపోయేవి. ముందటేడు పిలిచింది, ఏడాది తిరిగేసరికి వచ్చింది అన్నారు. దాలమ్మ కాదనలేదు. మొదట్లో కాదనుకునేదేమో, రోజూ అందరి మొహాల్లోనూ అదే చూసి చూసి ఆమె కూడా నమ్మేసింది.

సంక్రాంతి వెళ్ళాక ప్రొఫెసరు మళ్ళీ వచ్చాడు. కొత్త సంఘం, అధ్యక్షుడు మాత్రం ఆయనే. జుట్టు మరీ పలచబడింది. నారాయణమూర్తీ వచ్చాడు. పందిరి లేదు, బడి లేదు, కుర్చీలూ లేవు. అందరూ ఇసుకలోనే కూర్చున్నారు. మిగిలిన రెండు తెప్పలూ ఆ పూట సముద్రం మీదున్నాయి.

ఏం వచ్చిందని అడిగితే సూరయ్య దాలమ్మ వైపు చూశాడు. అందరూ అటే చూశారు. "అదే సెప్తాది బాబూ," అన్నాడు. "దాని నోరు ఎలాగూ అన్న నోరే."

నారాయణమూర్తి ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఈసారి అతనికి తల్లి అంటే ఏమిటో బాగా తెలుసు. కానీ సాక్ష్యం మాట సాక్షి నోటి నుంచే రావాలని ప్రొఫెసరు గట్టిగా చెప్పి పంపించాడు.

"తల్లొచ్చినాది బాబూ," అంది దాలమ్మ.

"అలా కాదమ్మా. పేరు పెట్టి ఒక్కసారి చెప్పు. ఈసారి తప్పకుండా స్తంభం వేస్తారు. ఆ ఒక్క మాట చాలు."

ఆమె సముద్రం వైపు చూసింది. రెండు తెప్పలూ కనుచూపు మేరలోనే ఉన్నాయి. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. అతను అంటుందనుకున్నాడు.

"నాకాడ ఉన్నదొక్కటే బాబూ," అంది కొంగులోంచి. "అది మీకిచ్చేసినాను."

ఆమె లేచి, ఖాళీ తట్ట చంకనెత్తుకుని, ఎవరికీ ఎదురుపడకుండా దిబ్బ వెనక దారిన వెళ్ళిపోయింది.

"ఏమంది?" అని అడిగాడు ప్రొఫెసరు.

నారాయణమూర్తికి ఇంగ్లీషు బాగానే వచ్చు. చెప్పలేకపోయాడు.