ఎడమకు లాగితే కట్

కృపారాణి ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్లో ఆశా వర్కర్. కొత్త అప్‌డేట్ వేసుకోమని ఆమె ఫోన్ వారం రోజులుగా సతాయిస్తోంది. బాగా నడుస్తున్న ఫోన్‌ని కెలకడం ఇష్టంలేక ఆమె రోజూ ‘తర్వాత’ అని నొక్కేది. ఎనిమిదో రోజు తెరమీద ‘తర్వాత’ అన్న మాటే లేదు. ఆమె అన్నం తిని లేచేసరికి ఫోన్ దానంతటదే ఆగి, మళ్లీ మొదలైంది.

కాసేపటికి భూదవ్వ ఫోన్ చేసింది. ఆమె కోడలు నిరోషకు నెలలు నిండాయి. కృపారాణి ఎప్పటిలాగే పచ్చ గుండ్రాన్ని పైకి తోసింది. కదల్లేదు. ఎడమకు లాగితే కట్ అయింది. మళ్లీ మోగింది, మళ్లీ కట్. మూడోసారీ అంతే; ఇప్పుడు ఎత్తాలంటే కుడికి లాగాలని ఆమెకు తెలియదు. ఫోన్‌ని తిట్టుకుంటూ ఆమె భూదవ్వ ఇంటికి పరుగెత్తింది.

“మూడుసార్లు జేస్తే మూడుసార్లు కట్ జేస్తవా? పిల్ల నొప్పులతోని మెలికలు తిరుగుతున్నది!” అని భూదవ్వ గుమ్మంలోనే అరిచింది.

“నేను జెయ్యలే అవ్వా, ఫోనే మారింది.”

“నిన్నటి ఫోనే గదా చేతిల ఉన్నది?”

కృపారాణి వెంటనే అంబులెన్స్‌ను పిలిచింది. సాయంత్రానికి ఎల్లారెడ్డి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ క్షేమం.

మర్నాడు కృపారాణి కామారెడ్డి బస్సెక్కి, ఫోన్లు బాగుచేసే నగేశ్ దుకాణానికి వెళ్లింది.

“తమ్మీ, నాకు పాతదే గావాలె.”

“వెనక్కి పోదు అక్కా. నువ్వే ఒప్పుకున్నవు, అందుకే పడ్డది.”

“వారం దినాలు వద్దన్న. గది ఒప్పుకున్నట్టా?”

నగేశ్ నవ్వి, సెట్టింగుల్లో ఎక్కడికో పోయి, పక్కకు జరిపే పని లేకుండా నొక్కితే ఎత్తేలా మార్చాడు.

“గిదేదో ముందుగాలనే పెట్టొచ్చు గదా!” అని కృపారాణి మండిపడింది.

“నన్నంటవేంది అక్కా? కంపెనీ వాళ్లనడుగు.”

ఆ కంపెనీ వాళ్లు ఎక్కడుంటారో అతనికీ తెలియదు.

ఇప్పుడు ఒక్క నొక్కుకే ఫోన్ ఎత్తవచ్చు. భూదవ్వ మాత్రం చేయడం మానేసింది. మనవరాలికి టీకా ఎప్పుడో అడగడానికి ఎండలో ఊరి ఆ చివరి నుంచి నడిచి వచ్చింది.

“ఒక్క ఫోన్ జేస్తే అయిపోతుండె గదా అవ్వా!”

“నువ్వు ఎత్తవు గదా,” అంది భూదవ్వ, చెమట తుడుచుకుంటూ.