సంతకం పెట్టని చదువరులు

మా పట్నంలో గ్రంథాలయానికీ మున్సిపాలిటీకీ ఒకటే కప్పు. కింద మేము, పైన వాళ్లు. భవనం కట్టింది మాత్రం గ్రంథాలయం కోసమే. ఊరివాళ్లు ఇంటికో బండెడు రాయి తోలి కట్టుకున్నారు. తర్వాత మున్సిపాలిటీ వచ్చి ఆరు నెలలుంటామని పై గదులు అడిగింది. నలభై ఏళ్లయినా ఆ ఆరు నెలలు నిండలేదు. ఇప్పుడు కింది హాలు కూడా కావాలట. మమ్మల్ని ఊరవతల రేకుల షెడ్డుకు పొమ్మని నోటీసిచ్చారు. ఇక్కడ గ్రంథపాలకురాలిని నేనే. నోటీసు చదివితే ఒళ్లు మండింది.

సోమవారం ఆ నోటీసు మీద విచారణకు జిల్లా నుంచి విజయేందర్ అనే అధికారి వచ్చాడు. పాఠకుల సంతకాల రిజిస్టరు తిప్పాడు.

"పోయినేడు మొత్తం పదకొండు మందేనా మేడం? గింతమందికి గింత హాలెందుకు?"

హాలు నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. కుర్చీ దొరకనివాళ్లు గోడకు ఆనుకుని చదువుతున్నారు.

"గా పదకొండు మందికి కొలువులొచ్చినయ్ సార్. కొలువు రాకముందు సంతకం పెడితే ఇగ రాదని వీళ్ల నమ్మకం. ఎవరు మొదలువెట్టిన్రో తెల్వది. వచ్చినంక మిఠాయి డబ్బా పట్టుకొచ్చి సంతకం పెడ్తరు."

ఆయన నవ్వాడు. "నాకు కనవడుతున్నరు మేడం. ఫైలుకు కనవడాలె కదా. సంతకాలుంటేనే నేను రాయగల్గుత."

సంతకం పెట్టమని నేను ఎవరినీ అడగలేదు.

కిటికీ పక్క నుంచి స్పందన లేచింది. బొగ్గుబావి కార్మికుడి బిడ్డ. మూడేళ్లుగా చదువుతోంది, రెండుసార్లు ఒక్కో మార్కుతో పోయింది. ఆదివారం మళ్లీ పరీక్ష.

"వద్దు బిడ్డా, నువ్వు ఆగు," అన్నాను. ఆ నమ్మకాలు నాకు లేవనే అనుకునేదాన్ని. అయినా భయమేసింది.

"అప్పటిదాక హాలుంటదా మేడం?" అని పెన్ను తీసుకుంది. పేరు, ఊరు, వచ్చిన టైము తాపీగా రాసి సంతకం పెట్టింది.

వెనకాలే, గోడకు ఆనుకుని చదువుతున్న కొండల్ వచ్చాడు. ఆ తర్వాత హాల్లోవాళ్లంతా వరుస కట్టారు. నాకు ఏడుపొచ్చింది, గర్వమూ వచ్చింది.

నలభై మూడో సంతకం దగ్గర విజయేందర్ వాచీ చూసుకున్నాడు. "చాలు. హాలు గిక్కడ్నే ఉండాలని రాస్త," అంటూ రిజిస్టరు మూయబోయాడు.

స్పందన దాని మీద చెయ్యి పెట్టింది. "జర ఆగుర్రి సార్. మెట్ల మీద కూసున్నోళ్లు ఇంక పెట్టలే."