సమ్మమ్మ కూర్చున్న గ్లాసు

పొద్దున్నే సింధు వంటింట్లో కళ్ళు మూసుకుని డబ్బాల మూతలు తీసి వాసన చూస్తుంది. ధనియాలు, మిరియాలు, ఎండిన నిమ్మతొక్క, చివరికి తడి గోనెపట్టా కూడా. చెడిన వైన్ తడి గోనెపట్టా వాసనే వేస్తుందట. హనుమకొండలో వైన్ రుచి చూడటం నేర్పే కోర్సులో చేరినప్పటి నుంచి ఇదే పని. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. నాయనమ్మ సమ్మమ్మ ఒక్కతే, "వాకిట్ల నిలబడి సర్వపిండిల నువ్వులు తక్కువైనయని చెప్పే ముక్కు దానిది. చదువుకోనియ్యున్రి" అని అందరి నోళ్ళూ మూయించింది.

సమ్మమ్మ పోయాక ఆమె వాసన మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. లవంగం, ఆకువక్క, పెట్టెలో దాచిన నేతచీర. మధ్యాహ్నం దాకా గడప పక్కన కూర్చుంటుంది, సాయంత్రం టీవీ ముందుకు జరుగుతుంది. సింధు తల్లి పద్మ ఊడ్చేటప్పుడు, "అత్తమ్మా, జర జరుగు" అంటే జరుగుతుంది. ప్రాణంతో ఉన్నప్పుడు జరిగింది లేదు, అది వేరే సంగతి.

పరీక్ష రోజు సింధు తలకు నూనె రాయలేదు, పౌడర్ వేయలేదు, పూలు ముట్టలేదు. పరీక్ష గదిలోకి వైన్ వాసన తప్ప ఇంకే వాసనా రాకూడదు. పాసైతే హైదరాబాద్ హోటల్లో వైన్లు రుచి చూసి ఎంపిక చేసే కొలువు. పోయినసారి తప్పింది. ఈసారీ తప్పితే ఇంక రాయనివ్వరు, మేనమామ బట్టల కొట్లో చీరలు మడతపెట్టడమే. ఆటోలో కూర్చున్నంతసేపూ ద్రాక్షల పేర్లే వల్లెవేసుకుంది. ఆ ధ్యాసలో తన వెంట ఇంకెవరు ఆటో ఎక్కారో కూడా గమనించలేదు.

పరీక్ష పెట్టిన హోటల్ హాల్లో ప్రతి బల్ల మీదా ఆరు గ్లాసులు, ఉమ్మడానికి ఒక స్టీలు గిన్నె. సీసాలు ఎక్కడివో, ఏ ద్రాక్షవో చెప్పరు. రంగు చూసి, వాసన పట్టి, నోట్లో తిప్పి ఉమ్మేసి, రుచి ఎంతసేపు నిలుస్తుందో చూసి, అది ఏ వైనో రాయాలి.

సింధు మూడో గ్లాసు దగ్గరుండగా, పరీక్ష పెట్టే సారంగపాణి తలెత్తి గాలి పీల్చాడు.

"ఎవరో ఆకు నమిలి వచ్చిన్రు."

పెన్నులన్నీ ఆగిపోయాయి. ఆయన వరుసల మధ్య నడుస్తూ వచ్చి సింధు బల్ల దగ్గర ఆగాడు.

"మీ ఇంటి పెద్దోళ్ళా?"

"మా బాపమ్మ సార్, మా నాయనకు అమ్మ" అంది సింధు.

"జర బయట కూసోమను. ఆమె పోకుంటే నిన్ను పంపాల్సొస్తది. మిగతా పిల్లల సంగతి గూడ చూడాలె గదా."

"బాపమ్మా, నీ కాళ్ళు మొక్కుత. బయటికి పో" అంది సింధు పెదవులు కదలకుండా. అన్నాక ఏడుపొచ్చింది. సమ్మమ్మను పొమ్మన్నవాళ్ళు ఆ ఇంట్లో ఇంతవరకు లేరు.

గాలి తేలికైంది. సారంగపాణి మళ్ళీ పీల్చి, తలాడించి వెళ్ళిపోయాడు.

సింధు చివరి గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. సమ్మమ్మ బయటికి పోలేదు. అందులో దిగి కూర్చుంది. గ్లాసు ఎంత తిప్పినా ఆకువక్కే, లవంగమే. కింద ఉన్న వైన్ అంతుపట్టడం లేదు. పక్కవాళ్ళు రాసేసి లేస్తున్నారు. గుక్కెడు నోట్లో పోసుకుంది. సమ్మమ్మ మొత్తం నాలుక మీదికి వచ్చింది. ఇప్పుడు ఉమ్మేయాలి. పరీక్ష అయ్యాక ఆ గిన్నెలన్నీ మోరీలో పారబోస్తారు. సింధు బుగ్గలు నిండుగా, చేతిలో గిన్నెతో అలాగే ఉండిపోయింది. సారంగపాణి ఆమెనే చూస్తున్నాడు.

ఉమ్మలేకపోయింది. మింగేసింది.

గ్లాసులో మిగిలింది ఉత్త వైన్. కోసిన గడ్డి, పచ్చి జామకాయ. సావిన్యో బ్లాంక్ అనే తెల్లద్రాక్ష పేరు గబగబా రాసేసింది.

ఫలితం సాయంత్రమే తెలిసింది. సారంగపాణి మెట్ల దగ్గర ఆమెను ఆపి, "పాసయినవ్ బిడ్డా" అన్నాడు. తర్వాత ఒకడుగు వెనక్కి వేసి, "గాని ఇగ ఏ టేస్టింగ్ రూంలకు నిన్ను రానియ్యరు. నీ ఒంట్లకెల్లి ఆకువక్క వాసనొస్తాంది" అన్నాడు. ఆయన ముఖంలో నిజంగానే బాధ ఉంది. సింధు తన చేయి వాసన చూసుకుంది. ఏమీ లేదు. ఎవరి ఒంటి వాసన వాళ్ళకు తెలియదు కదా.

ఇంట్లో పద్మ పొద్దుటి నుంచి అన్ని గదులూ వెతుకుతోంది. తలుపు తీస్తూనే, "వచ్చినవా అత్తమ్మా? ఎటు పోయినవ్?" అంటూ దారిచ్చింది. సింధు వెనక ఎవరూ లోపలికి రాకపోయేసరికి ఆగింది. దగ్గరికొచ్చి కూతురి మెడలో ముఖం పెట్టి ఏడ్చేసింది.

"నాకు తెలుస్తలేదమ్మా. ఎట్లున్నదో చెప్పు" అంది సింధు.

"మొదలు లవంగం." పద్మ కళ్ళు మూసుకుంది. "ఎనుక ఆకు. అగో, సున్నం గూడ. ఇంకా... చీర."

"ఎంతసేపు ఉంటాంది?"

పద్మ ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చింది.

"పోతలేదు బిడ్డా."