చిల్లు మూత

వేడినీళ్ళలో ఎంతసేపు నానబెట్టినా ఆయిల్ మరక వదలని రెండు జతల పని బట్టల్ని నేనే ఉతుకుతాను. ఒకటి మా ఆయనది, ఒకటి నాది. ఇద్దరం ఒకే షెడ్డులో చిన్న విమానాల ఇంజన్లు విప్పి బిగిస్తాం. మా అత్తగారి లెక్కలో మాత్రం ఆయనది ఉద్యోగం, నాది కాలక్షేపం.

ఇప్పుడు షెడ్డులో ఉన్న విమానానికి మొన్నటిదాకా రెక్కల వాలు మారని ప్రొపెల్లర్ ఉండేది. గాల్లో వాలు మార్చుకునేది కావాలన్నాడు దాని పైలట్. ఆ రెక్కల్ని తిప్పేది ఆయిల్ ఒత్తిడి. అందుకని ఇంజన్ బోలు ఇరుసులో వెనకగా ఉన్న చిల్లు మూత పీకేసి, చిల్లు లేనిది కొట్టాలి. లేకపోతే ఆయిల్ వెనక్కి కారిపోతుంది. ఆయిల్ పంపే గవర్నర్, దాని గొట్టం నేనే బిగించాను. మూత దగ్గరికి వచ్చేసరికి ఇంటినుంచి ఫోను. ఆయన మేనమామ వచ్చాడట.

"నువ్వెళ్ళి వంట సంగతి చూడు. మూతెంత, చిటికెలో పని. నేను కొడతాలే" అన్నారు మా ఆయన.

వెళ్ళాను. వడ్డిస్తుంటే కోడలి చేతులు బొగ్గు మోసినట్టున్నాయని మేనమామ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి దవడలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

ఇవాళ పైలట్ ఇంజన్ నడిపి, రెక్కల వాలు మార్చే మీట లాగాడు. వాలు ఇసుమంతైనా మారలేదు. మా ఆయన మొహం చూశాను. పాత మూత అలాగే వదిలేశారని తెలిసిపోయింది. ఎవరు చేశారీ పనని పైలట్ అడిగాడు.

"అంతా మా ఆవిడే సార్. ఆడవాళ్ళకి అప్పజెప్తే ఇంతే మరి."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన నోట నా పని నాదైంది. బాగా నడిచిన ఏ ఇంజన్‌కీ నేను గుర్తురాలేదు. కూర కుదిరితే అత్తగారు నేర్పింది, మాడితే నాది. అదే లెక్క ఇక్కడా. ఇకమీదట ఆవిడ చెయ్యి నా ఇంజన్ మీద పడకూడదన్నాడు పైలట్, నావైపు చూడకుండానే.

మా ఆయన పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "పరువు తీయకు. ఆయన వెళ్ళాక నువ్వే మార్చెయ్, నీకు వచ్చుగా."

నేను మాత్రం గొంతు పైలట్‌కి వినపడేంతే పెంచాను.

"గవర్నర్ నేను బిగించాను, గొట్టం నేను బిగించాను. మూత కొట్టాల్సినప్పుడు మీ మామయ్యకి వడ్డిస్తున్నాను. ఆ పని మీది. ఇప్పుడు ప్రొపెల్లర్ విప్పండి, లోపలున్న చిల్లు మూతని సార్ కూడా చూస్తారు."