బడి గేటు ముందు కుమ్మరించిన నీళ్లు

జూన్ నెలాఖరున బడి మూసిన రోజు రాడా అందరి ముందూ నన్ను కడిగేసింది.

"పోయినేడూ తోట చూసుకుంటానని ఇలాగే అన్నావు అవ్వా. సెలవులయ్యాక వచ్చి చూస్తే మొక్కలన్నీ చీపురుపుల్లలు!"

నాలుగో తరగతి పిల్ల. నోటికి తాళం లేదు. కానీ అన్నదాంట్లో అబద్ధమూ లేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ బడి ఊడుస్తున్నదాన్ని, పోయిన వేసవిలో మోకాలి నొప్పి వంకతో పదిరోజులు తోట మొహం చూడలేదు. పిల్లలు నాటినవన్నీ మాడిపోయాయి.

"ఈసారి వచ్చేసరికి ఎర్రటి తియ్యమిరప కోసుకుంటారు. నేడా అవ్వ మాట!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. సెప్టెంబరు నుంచి రాడా పట్నం బడికి వెళ్లిపోతుంది. ఈసారీ తోట ఎండితే, ఆ పిల్ల దృష్టిలో ఎప్పటికీ నేను అబద్ధాలకోరునే.

సెలవుల్లో బడి కుళాయి కట్టేస్తారు. కాలవ నీళ్లేమో వీధికో వంతు. ఆ వంతులు చూసేవాడు డింకో.

"సెలవుల్లో బడికి నీళ్లెందుకమ్మా? అక్షరాలకు తడి పెడతావా?" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

"నీ బుర్రకు పెడతా, అన్నా! ఎండి బీటలు వారింది," అన్నాను. నీళ్లు మాత్రం రాలేదు.

ఇంటినుంచి రెండేసి బిందెలు మోశాను. జూలై సగానికి నా మోకాళ్లూ మిరప ఆకులూ ఒకేసారి వాలిపోయాయి. ఆ రోజే పొరుగింటి స్తాంకా కొడుకు పనికోసం రాజధాని సోఫియాకు బయల్దేరాడు. బడి గేటు ఎదురుగానే బస్సు ఆగేది. ఎవరు ప్రయాణం కట్టినా, పరీక్షకు వెళ్లినా, వెళ్లిన పని నీళ్లలా సాఫీగా సాగాలని వాళ్ల ముందు నీళ్లు కుమ్మరించడం మా ఆచారం. స్తాంకా రాగి చెంబు ఒంపింది. అంత నీరూ దుమ్ము తాగేస్తుంటే, గేటులోంచి వాడిన మిరప మళ్లకేసి చూశాను.

మర్నాడు తెల్లారేసరికి బస్సు ఆగే చోటునుంచి తోటలోకి నీళ్లు పారేలా ఒక బోదె తవ్వేశాను. తర్వాత పోస్టాఫీసు దగ్గర ఒక్కరి చెవిలో వేశాను, బడి గేటు ముందు పోసిన నీళ్లకు మహిమ ఎక్కువని. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఇక చూడండి! పన్ను పీకించుకోబోయేవాడికి ఒక చెంబు. పెళ్లివారికి ఇంటికో బకెట్. ఫుట్‌బాల్ జట్టు బయల్దేరితే పదకొండుమంది తల్లులు పదకొండు బకెట్లు గుమ్మరించారు. రెండు దోసపాదులు తేలిపోయాయి. కుర్రాళ్లు చిత్తుగా ఓడి వచ్చారు, అది వేరే సంగతి. చిక్కుడు తీగ జెండా కర్రను అల్లుకుంది. గుమ్మడి ఆటస్థలంలోకి పాకి, వాలీబాల్ వల కింద కాయ పెట్టింది. నేను రోజూ పొద్దున్నే దాన్ని పలకరించి గానీ కాఫీ తాగేదాన్ని కాదు.

ఆగస్టు వచ్చింది. వెళ్లాల్సినవాళ్లంతా వెళ్లిపోయారు, చినుకు లేదు, చెంబు లేదు. మిరపకాయలు పచ్చిగానే ముడుచుకోసాగాయి. నాకు నిద్ర పట్టడం మానేసింది.

అప్పుడొచ్చాడు డింకో, తల గోక్కుంటూ. వెనకాల కూతురు బిలియానా. కారు నడిపే పరీక్షలో నాలుగుసార్లు తప్పి, ఐదోసారి బయల్దేరింది.

"నాలుగుసార్లూ ఇంటి గడపలోనే పోశాం నేడా. మా నీళ్లలో పస లేనట్టుంది."

"ఎన్ని చెంబులు తెచ్చావన్నా?"

"నాలుగుసార్లు తప్పినదానికి చెంబులేం చాలతాయి?" అంటూ వెళ్లి రోడ్డు పక్క కాలవ తూము పలక పైకెత్తేశాడు.

నీళ్లు పొర్లుకుంటూ బస్సు ఆగే చోటు ముంచెత్తి, నా బోదెలో పడి తోటలోకి ఉరికాయి. బిలియానా చెప్పులు చేత్తో పట్టుకుని అరిచింది.

"నాన్నా! నేను నడపాల్సింది కారు, పడవ కాదు!"

నవ్వీ నవ్వీ నేను బురదలోనే చతికిలబడ్డాను. అంత సంతోషపడ్డట్టు నాకెప్పుడూ గుర్తులేదు.

ఆ పిల్ల పాసైంది. అప్పటినుంచి ప్రతి గురువారం బడికి వంతు. "పాసైతే సరా? రోజూ రోడ్డెక్కాలిగా!" అన్నాడు డింకో.

సెప్టెంబరు పదిహేనున బడి తెరిచారు. పిల్లలు టీచర్లకు పూలగుత్తులు తెచ్చి, వాటిని చేతుల్లోనే మరిచిపోయి మిరప మళ్లలోకి పరిగెత్తారు. కాయలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పట్నం బస్సు కోసం వచ్చిన రాడా కూడా లోపలికొచ్చింది. వరస వరసా తనిఖీ చేసింది. ఒక కాయ తెంపి కొరికింది.

"తియ్యగానే ఉందిలే అవ్వా," అంది.

బస్సు హారన్ కొట్టింది. రాగి చెంబు తెచ్చి రాడా ముందు సగం ఒంపాను. అది రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, చెంబు లాక్కుని మిగిలిన సగం నా కాళ్ల ముందు కుమ్మరించింది.

"నేనెక్కడికి పోతున్నానే పిచ్చిదానా? తోటలోకేగా!"

"అక్కడికే. వచ్చే వేసవీ నువ్వే చూసుకోవాలిగా."

ఎంతమందికి పోశానో లెక్కలేదు. ఊరు దాటని నాకు ఎవరు పోస్తారు? అరవై రెండేళ్లలో అదే మొదటిసారి. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, తడిసిన చెప్పులతోనే మిరప మళ్లలోకి నడిచాను.