అమ్మ పెరుగు పూత

అమ్మ బతికున్నంతకాలం ఆమె బ్యూటీ పార్లర్ కిటికీ గట్టు మీద రోజూ రెండు పెరుగు గిన్నెలుండేవి. ఒకటి భోజనానికి, ఒకటి మొహాలకి. రెండోది సరిగ్గా తోడుకోకపోతే ఎంతటివాళ్ళొచ్చినా వెనక్కి పంపేసేది. "ఇవాళ పెరుగు అలిగింది, రేపు రండి" అనేది. ఆ చల్లదనం, తడిగుడ్డల వాసన, ఇప్పుడు పార్లర్ నడుపుతున్న పెద్దకూతురికి ఇంకా గుర్తే.

పాతికేళ్ళుగా ఆ పూతకి అలవాటుపడ్డ లెక్కల టీచరుగారు రిటైరై, ఊరు మారిపోతున్నారు. "మీ అమ్మ ఎలాగూ లేదు, ఆ పూతన్నా ఒక సీసా కట్టివ్వవే" అని అడిగారు. పెద్దది మురిసిపోయి పెరుగులో తేనె కలిపి, సీసాకెత్తి, "అమ్మ పూత" అని చీటీ కూడా అంటించింది.

మూడోరోజు చెల్లెలు వచ్చింది. ఆమె క్రీముల ఫ్యాక్టరీలో కెమిస్టు. టీచరుగారి కోసం పార్లర్‌లోనే ఉంచిన సీసా మూత ఉబ్బి ఉండటం చూసింది.

"అక్కా, ఇది రాస్తావా, పేలుస్తావా?"

"చాల్లే వెటకారం. అమ్మ నలభై ఏళ్ళు రాసింది. ఎవరికేమైంది?"

"రాసింది. ఏనాడన్నా దాచిందా?"

పెద్దదానికి అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం కాగానే మిగిలింది పారబోసి అమ్మ గిన్నె కడిగేసేది. తను ఆ సంగతే మర్చిపోయింది.

"పెరుగులో పులుపు చర్మం పైపొరని మెల్లగా వదిలిస్తుంది, మెత్తబరుస్తుంది. అది నిజమే," అంది చెల్లెలు. "మరీ పులిస్తే మాత్రం మండుతుంది. ఇలా రోజుల తరబడి మూతపెడితే బూజూ అదీ చేరుతుంది. మా దగ్గరైతే పెరుగు వడగట్టిన తేటనీళ్ళు వాడి, పాడవకుండా మందు కలుపుతాం."

"మాటిచ్చానే. ఆవిడా వెళ్ళిపోతే అమ్మ పూత గుర్తున్నవాళ్ళు ఇంకెవరున్నారు?"

"సీసా ఎందుకు? చెయ్యడం నేర్పు."

మర్నాడు పెద్దది టీచరుగారిని కూర్చోబెట్టి, పొద్దున తోడుకున్న తాజా పెరుగు చేతికిచ్చింది.

"అంత గట్టిగా రుద్దకండి టీచర్‌గారూ, బోర్డు తుడుస్తున్నారా?"

"నోరు మాత్రం అచ్చం మీ అమ్మదే!" పది నిమిషాలాగి మొహం కడుక్కుంటూ ఆవిడ అడిగారు. "అక్కడ మా పక్కింటావిడకి కూడా రాయొచ్చా?"

పెద్దదాని మొహం విప్పారింది. "భేషుగ్గా. కాకపోతే ముందు మోచేతి మడతలో చుక్క రాసి ఒకరోజు ఆగండి. పాలు పడని మనిషైతే అసలే వద్దు."

టీచరుగారు ఆ మాట నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు గీశారు.